ఏ రచన వాయించాలి? పియానో పోటీల్లో ఎంపిక నడిచి వచ్చిన దారి

పియానో పోటీకి పేరు ఇవ్వగానే గురువుకీ శిష్యుడికీ మధ్య మొదట తేలాల్సిన విషయం ఒకటే: ఏం వాయించాలి? రెండు వందల ఏళ్ల కిందట ఈ ప్రశ్నకు తావే లేదు. ఏం వాయించాలో పోటీ పెట్టేవాళ్లు చెప్పేవారు, విద్యార్థి వాయించేవాడు. ఆ నిర్ణయం పెద్దల చేతిలోంచి పిల్లల చేతికి మెల్లగా ఎలా జారిందో చూస్తే, పోటీకి సిద్ధం కావడమంటే ఏమిటన్నదానికి ఒక్కో కాలం ఒక్కో అర్థం చెప్పిందని తెలుస్తుంది.

విద్యార్థుల పోటీకి గట్టి రూపం ఇచ్చింది 1795లో స్థాపించిన పారిస్ కన్సర్వేటరీ. అక్కడ ఏటా జరిగే పోటీయే పరీక్ష. మొదటి బహుమతి వస్తేనే చదువు గౌరవంగా ముగిసినట్టు. తరగతిలోని వాళ్లందరికీ ఒకే రచన ఇచ్చేవారు. దానికి తోడు, ముందెన్నడూ చూడని స్వరపత్రాన్ని అక్కడికక్కడే చదివి వాయించాలి. అందరూ ఒకటే వాయిస్తే తేడా ఇట్టే తెలుస్తుందన్నది న్యాయనిర్ణేతల లెక్క. ఆ లెక్కలో న్యాయం ఉంది. అయితే ఆ రచన విద్యార్థి స్వభావానికి నప్పుతుందా అని అడిగే వీలు మాత్రం లేదు.

క్లాడ్ డెబుసీ అనుభవం చూడండి. 1872లో, పదేళ్ల వయసులో ఆయన అక్కడ చేరాడు. 1874 పోటీలో షోపాన్ రెండో కన్చెర్టో మొదటి భాగం వాయించి కింది స్థాయి ప్రశంస అందుకున్నాడు. మరుసటి ఏడు ఒక మెట్టు పైకెక్కాడు. 1877లో రెండో బహుమతి వచ్చింది. 1878లో, 1879లో ఏమీ రాలేదు. దాంతో పియానో తరగతిలో చోటే పోయింది. సాధనలో ఆయనకు నిలకడ తక్కువన్నది నిజమే. కానీ కొత్త స్వరపత్రాన్ని చూస్తూనే వాయించడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. పియానో సంగీతానికే కొత్త దారి చూపబోయే వ్యక్తిని ఆ పోటీ పట్టుకోలేకపోయింది.

అదే పద్ధతిలో ఒక మేలిమి ఘట్టమూ ఉంది. 1913లో స్త్రీల తరగతి పోటీ కోసం, చూస్తూ వాయించే పరీక్షకు మోరిస్ రావెల్ ఒక చిన్న ప్రెల్యూడ్ రాశాడు. మొత్తం 27 బార్‌లు. నడక నెమ్మది, ధ్వని మెత్తన. వేళ్ల వేగం చూపించే చోటు ఒక్కటీ లేదు. కుడి ఎడమ చేతులు ఒకే చోటికి వచ్చి ఒకదానిపై ఒకటి కదులుతాయి. స్వరాలు తప్పు లేకుండా పలికినంత మాత్రాన సరిపోదు, ఏ గొంతు పైన వినపడాలో క్షణంలో తేల్చుకోవాలి. జాన్ లెలూ అనే అమ్మాయి దాన్ని వాయించిన తీరుకు ముచ్చటపడి రావెల్ ఆ రచనను ఆమెకే అంకితం చేశాడు. పరీక్ష కోసం పుట్టిన ఆ చిన్న రచన నేటికీ కచేరీల్లో బతికే ఉంది.

ఒకే రచన నుంచి జాబితాకు మళ్లిన ముఖ్యమైన మలుపు 1890లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వచ్చింది. అంటన్ రూబిన్‌స్టీన్ నెలకొల్పిన ఆ పోటీ అయిదేళ్లకోసారి జరిగేది. 20 నుంచి 26 ఏళ్ల పురుషులకే ప్రవేశం. వాయించాల్సిన జాబితా ఇదీ: రూబిన్‌స్టీన్ కన్చెర్టో ఒకటి, బాఖ్ ప్రెల్యూడ్–ఫ్యూగ్, మొజార్ట్ నెమ్మది నడక భాగం, బెథోవెన్ సొనాటా, షోపాన్, షూమన్ రచనలు, లిస్ట్ ఎట్యూడ్. ప్రతి గడిలోనూ విద్యార్థి తనకు నచ్చినది తీసుకోవచ్చు. 1895లో యోసెఫ్ లెవీన్, 1905లో విల్హెల్మ్ బాక్‌హౌస్ ఈ పోటీలో గెలిచారు. బాక్‌హౌస్ చేతిలో ఓడినవాడు బేలా బార్టోక్. ఒక్కో కాలం నుంచి ఒక్కో రచన అన్న ఆ పద్ధతే నేటి పిల్లల పోటీల్లోనూ కనిపిస్తుంది. 1977లో మొదలైన జపాన్ పియానో ఉపాధ్యాయుల సంఘం పోటీ తన జాబితాను బరోక్, క్లాసికల్, రొమాంటిక్, ఆధునికం అని నాలుగు కాలాలుగా విభజిస్తుంది. హైదరాబాద్‌లో గ్రేడ్ పరీక్షలకు కూర్చునే పిల్లలకు కూడా జాబితాలోంచి ఏరుకోవడం బాగా పరిచయమే.

ఇరవయ్యో శతాబ్దం రెండు కొత్త పరీక్షలు పెట్టింది. మొదటిది లోతు. 1927లో వార్సాలో మొదలైన పోటీలో షోపాన్ తప్ప మరొకరి సంగీతం లేదు. అక్కడ మజుర్కా అనే నాట్యరూపానికి ప్రత్యేక బహుమతి ఉంది. మూడు దెబ్బల తాళంలో ఒత్తు ఒకసారి రెండో దెబ్బపై, ఒకసారి మూడో దెబ్బపై పడుతుంది. లెక్కపెడుతూ వాయిస్తే నాట్యం చచ్చిపోతుంది, లెక్క వదిలేస్తే తాళం తప్పుతుంది. నెలల తరబడి చెవి తయారైతే గాని అది పట్టుబడదు.

రెండోది స్వయంశక్తి. 1938లో బ్రస్సెల్స్ పోటీ ఫైనల్‌కు చేరినవాళ్లకు, అచ్చుకాని కన్చెర్టో ఒకటి చేతికిచ్చి వారం రోజులు ఏకాంతంలో ఉంచారు. రాసినవాడు జాన్ అబ్సిల్. గెలిచినవాడు ఎమిల్ గిలెల్స్. గురువు ఉండడు, వినడానికి రికార్డింగు ఉండదు. 1951 నుంచి అక్కడే రాణి ఎలిజబెత్ పేర జరుగుతున్న పోటీ ఈ ఆచారాన్ని నిలబెట్టింది. 1958లో మాస్కో చైకోవ్‌స్కీ పోటీకి కబలేవ్‌స్కీ ఒక రోండో రాశాడు, 23 ఏళ్ల వాన్ క్లైబర్న్ దాన్నీ వాయించే గెలిచాడు. ఆయన పేర టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 1962లో మొదలైన పోటీ కోసం కోప్లండ్, బార్బర్ కొత్త రచనలు చేశారు.

అదే ఫోర్ట్‌వర్త్‌లో 2022లో ఎంపిక ఎంత దూరం వచ్చిందో తెలిసింది. పద్దెనిమిదేళ్ల కొరియా యువకుడు యున్‌చాన్ లిమ్ సెమీఫైనల్లో లిస్ట్ ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లు పన్నెండూ వరసగా వాయించాడు. రూబిన్‌స్టీన్ జాబితాలో లిస్ట్‌కు దక్కింది ఒక్క ఎట్యూడ్. లిమ్ ఆ పన్నెండింటినీ ఒకే కథగా వినిపించి, ఆ పోటీ చరిత్రలో అందరికంటే చిన్న విజేత అయ్యాడు. ఆయన కార్యక్రమాన్ని కూర్చిన తీరులోనే సగం సంగీతం ఉంది.

ఈ చరిత్ర నేటి గురువులకు ఇచ్చే పాఠం నా దృష్టిలో చాలా స్పష్టం. పిల్లల పోటీల్లో అందరూ మెచ్చే కష్టమైన రచన వెంట పడే ఆత్రం పెరిగింది. శక్తికి మించిన పీస్ ఎత్తుకుంటే ఏడాదంతా స్వరాలు సరిదిద్దుకోవడంతోనే గడిచిపోతుంది, సంగీతానికి సమయం మిగలదు. చేతికి అందే రచన ఎంచుకుంటే ఆ సమయం దొరుకుతుంది. ముందు ఒక్కో చెయ్యి విడిగా, నెమ్మదిగా నేర్చుకోవాలి. తర్వాత ఏ బార్ నుంచి అడిగినా మొదలుపెట్టగలగాలి. వేదికపై జ్ఞాపకం తడబడినప్పుడు పిల్లను ఆదుకునేది ఇదే. పోటీకి ముందే ఇంట్లోవాళ్ల ముందు, స్నేహితుల ముందు పలుమార్లు వాయించాలి. పారిస్, బ్రస్సెల్స్ నేర్పినట్టు, రోజూ కాసేపు కొత్త స్వరపత్రం ఒకటి చదవాలి.

అన్నిటికీ మించి, కార్యక్రమంలో కనీసం ఒక రచననైనా పిల్లలనే ఎంచుకోనివ్వాలి. ఎందుకు నచ్చిందో చెప్పమనాలి. బహుమతి వచ్చినా రాకపోయినా, తన చెవితో తాను తేల్చుకునే శక్తి ఆ విద్యార్థికి మిగులుతుంది. పియానో నేర్పేది అందుకే.