1983 ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ ఎన్నికలు

ఆంధ్ర ప్రదేశ్ శాసనసభకు 1983 జనవరి 5న జరిగిన సాధారణ ఎన్నికలు రాష్ట్ర రాజకీయ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు. 1956లో రాష్ట్రం ఏర్పడినది మొదలు, 1973లో కొంతకాలం విధించిన రాష్ట్రపతి పాలన మినహా, ఎడతెగకుండా అధికారంలో ఉన్న కాంగ్రెసు పార్టీ ఈ ఎన్నికలలో ఓడిపోయినది. అప్పటికి స్థాపించి పది నెలలైనా నిండని తెలుగుదేశం పార్టీ 294 స్థానాలకు గాను 201 స్థానాలు గెలుచుకొన్నది. ఆ పార్టీ వ్యవస్థాపకుడు, సుప్రసిద్ధ సినీనటుడు నందమూరి తారక రామారావు 1983 జనవరి 9న హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశాడు.

ఈ ఎన్నికల ఫలితం, దాని వెంట 1984లో వచ్చిన సంక్షోభం, 1985లో జరిగిన మధ్యంతర ఎన్నికలు ఒకే కథలో మూడు ఘట్టాలు. ఒక రాష్ట్ర శాసనసభలో ఆధిక్యత ఏ పక్షానికి దక్కుతుందో నిర్ణయించడం ద్వారా ఓటర్లు ఏయే విషయాలను నిర్ణయిస్తారో, ఏవి వారి నిర్ణయానికి అందకుండా మిగిలిపోతాయో ఈ మూడు ఘట్టాలు స్పష్టంగా చూపుతాయి. ఈ వ్యాసంలో ఆంధ్ర ప్రదేశ్ అన్న పేరు 2014 విభజనకు పూర్వం ఉన్న ఉమ్మడి రాష్ట్రాన్ని సూచిస్తుంది.

నేపథ్యం

1978 ఎన్నికలలో ఇందిరా గాంధీ నాయకత్వంలోని కాంగ్రెసు 175 స్థానాలతో అధికారం చేపట్టినది. ఆ ఒక్క శాసనసభ కాలంలోనే రాష్ట్రం నలుగురు ముఖ్యమంత్రులను చూసింది:

మర్రి చెన్నారెడ్డి (1978 - 1980)
టంగుటూరి అంజయ్య (1980 - 1982)
భవనం వెంకట్రామిరెడ్డి (1982 ఫిబ్రవరి - సెప్టెంబరు)
కోట్ల విజయభాస్కరరెడ్డి (1982 సెప్టెంబరు - 1983 జనవరి)

రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తాడు. మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. అంటే ముఖ్యమంత్రి పదవికి ఆధారం సభ్యుల విశ్వాసమే. ఆచరణలో మాత్రం ఈ నలుగురి ఎంపికలోనూ, మార్పులోనూ ఢిల్లీలోని పార్టీ అధిష్ఠానం మాటే చెల్లినది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ బహిరంగంగా మందలించిన సంఘటన రాష్ట్రమంతటా చర్చనీయాంశమైనది. ఆ తరువాత కొద్ది రోజులలోనే అంజయ్య పదవి నుండి తప్పుకొన్నాడు.

ఈ వాతావరణంలో 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ ఆవిర్భవించినది. "తెలుగువారి ఆత్మగౌరవం" ఆ పార్టీ ప్రధాన నినాదం. రామారావు పాత షెవర్లే వ్యానును ప్రచార రథంగా మార్పించి, దానికి చైతన్య రథం అని పేరు పెట్టి, రాష్ట్రమంతటా పర్యటించాడు. పార్టీ ఎన్నికల గుర్తు సైకిలు. మేనకా గాంధీ స్థాపించిన సంజయ్ విచార్ మంచ్ తెలుగుదేశంతో పొత్తు కుదుర్చుకొన్నది.

ఫలితాలు

మొత్తం స్థానాలు: 294
ఆధిక్యతకు అవసరమైనవి: 148

తెలుగుదేశం: 201
కాంగ్రెసు: 60
భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు): 5
భారత కమ్యూనిస్టు పార్టీ: 4
భారతీయ జనతా పార్టీ: 3
ఇతరులు, స్వతంత్రులు: 21

రామారావు గుడివాడ, తిరుపతి నియోజకవర్గాలు రెండింటిలోనూ విజయం సాధించాడు. తెలుగుదేశానికి అప్పటికి ఎన్నికల సంఘం గుర్తింపు లేనందున, సంఘం ప్రకటించిన గణాంకాలలో ఆ పార్టీ సభ్యులు స్వతంత్రుల పద్దులోనే కనిపిస్తారు.

ఓట్లకూ స్థానాలకూ మధ్య గల తేడా ఈ ఫలితాలలో గమనింపదగినది. తెలుగుదేశం పొందిన ఓట్లు సగానికి లోపే. దక్కిన స్థానాలు మూడింట రెండు వంతులకు పైగా. సుమారు మూడవ వంతు ఓట్లు పొందిన కాంగ్రెసుకు దక్కినవి ఐదవ వంతు స్థానాలు. ప్రతి నియోజకవర్గంలోనూ అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలిచే పద్ధతిలో ఇది సహజం. ఓటర్లలో కొద్దిపాటి కదలిక సైతం సభలో పెద్ద మార్పుగా పరిణమిస్తుంది.

అదే రోజు పోలింగు జరిగిన కర్ణాటకలో కూడా కాంగ్రెసు మొదటిసారిగా అధికారం కోల్పోయినది. అక్కడ రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి అయ్యాడు.

ఆధిక్యత వలన సంక్రమించిన అధికారాలు

నిధుల వినియోగం

ద్రవ్య బిల్లులను శాసనసభలోనే ప్రవేశపెట్టవలెను. శాసనమండలి ఉన్న రాష్ట్రాలలో సైతం మండలి వాటిని 14 రోజులకు మించి ఆపజాలదు. కనుక ఖజానా తాళంచెవి సభలో ఆధిక్యత గల పక్షం చేతిలో ఉంటుంది. కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తామన్న ఎన్నికల వాగ్దానం 1983లోనే అమలులోకి రావడానికి ఇదే కారణం. పేద కుటుంబానికి మనిషికి 5 కిలోల చొప్పున, నెలకు గరిష్ఠంగా 25 కిలోల బియ్యం ఈ పథకం క్రింద ఇచ్చారు. ఖజానాపై పడిన భారం గురించి విమర్శలు వచ్చినా, చౌక బియ్యం ఆ తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ పూర్తిగా వదలలేని హామీగా మారినది.

ఉద్యోగాలు, పరిపాలన

1983 ఫిబ్రవరిలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుండి 55 సంవత్సరాలకు తగ్గించారు. వేలాది ఉద్యోగులు, ఉపాధ్యాయులు అనుకొన్న గడువుకు మూడేళ్ళు ముందుగా ఇంటికి పోవలసి వచ్చినది. నిరుద్యోగ యువకులకు అవకాశాలు కల్పించడం దీని ఉద్దేశ్యమని ప్రభుత్వం చెప్పినది. 1984లో ఈ వయసు తిరిగి 58కి పెరిగినది. 1984 జనవరిలో ఒక ఆర్డినెన్సు ద్వారా గ్రామాలలో తరతరాలుగా వస్తున్న కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేశారు. దీనిని సుప్రీం కోర్టు 1985లో సమర్థించినది. తాలూకాలు, పంచాయతీ సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాల ఏర్పాటు 1985 ఎన్నికల తరువాత జరిగినది. రైతు తన భూమి పత్రాల కొరకు ఏ ఊరికి, ఎవరి వద్దకు పోవలెనో కూడా ఈ విధంగా మారిపోయినది.

ఆస్తి హక్కు

శాసనసభ చేసే చట్టం ఇంటిలోపలి సంబంధాలను సైతం మార్చగలదు అనడానికి హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం చేసిన సవరణ మంచి ఉదాహరణ. వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి, కేంద్ర చట్టాన్ని రాష్ట్ర శాసనసభ రాష్ట్రపతి ఆమోదంతో సవరించవచ్చును. 1986లో వెలువడి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన ఈ సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా పుట్టుకతోనే హక్కు కల్పించినది. ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు ఇది వర్తించలేదు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తరువాత ఇదే బాటలో నడిచాయి. దేశమంతటికీ ఈ హక్కు 2005లో కేంద్ర సవరణ ద్వారా లభించినది. అంటే ఆంధ్ర ప్రదేశ్ ఆడపడుచులు మిగిలిన దేశంకంటే సుమారు ఇరవై ఏళ్ళు ముందున్నారు.

రాష్ట్రం వెలుపల ప్రభావం

రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులే ఎన్నుకొంటారు. ఆంధ్ర ప్రదేశ్‌కు అప్పుడు 18 రాజ్యసభ స్థానాలు ఉండేవి. రెండేళ్ళకొకసారి ఆరింటికి ఎన్నిక జరిగేది. 294 మంది ఓటు వేస్తే ఒక స్థానం గెలవడానికి 43 మొదటి ప్రాధాన్య ఓట్లు కావలెను. 201 మంది ఉన్న పక్షం నాలుగు స్థానాలను తన బలంతోనే గెలవగలదు. 60 మంది ఉన్న పక్షానికి ఒక్కటే సాధ్యం. 1984లో తెలుగుదేశం తరఫున రాజ్యసభకు వెళ్ళిన పర్వతనేని ఉపేంద్ర 1989లో కేంద్ర మంత్రి అయ్యాడు.

రాష్ట్రపతి ఎన్నికలో కూడా శాసనసభ్యులకు ఓటు ఉన్నది. 1971 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 148. ఆ లెక్కన 201 మంది ఓట్ల విలువ 29,748. ఇవికాక, రాజ్యాంగంలోని కొన్ని ముఖ్య నిబంధనలను సవరించడానికి సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం అవసరము.

కాంగ్రెసేతర ముఖ్యమంత్రుల సంఖ్య పెరగడంతో కేంద్ర రాష్ట్ర సంబంధాలపై చర్చ బలపడినది. 1983 మే నెలలో రామారావు విజయవాడలో ప్రతిపక్ష నాయకుల సమావేశం ఏర్పాటు చేశాడు. కేంద్ర రాష్ట్ర సంబంధాల పరిశీలనకు అదే సంవత్సరం జూన్‌లో కేంద్ర ప్రభుత్వం సర్కారియా కమిషన్‌ను నియమించినది.

ఆధిక్యతకు గల పరిమితులు

శాసనసభలో మూడింట రెండు వంతుల బలమున్నా, 90 మంది సభ్యులు గల శాసనమండలిలో కాంగ్రెసుదే పైచేయి. సాధారణ బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, సభ తిరిగి ఆమోదించిన పిదప మరొక నెల ఆపగలదు. మండలిని రద్దు చేయవలెనని 1983 మార్చిలో శాసనసభ తీర్మానించినది. కాని 169వ అధికరణం ప్రకారం శాసనసభ తీర్మానం చేయగలదే గాని, రద్దు చేసే చట్టం పార్లమెంటు చేయవలెను. ఇందిరా గాంధీ ప్రభుత్వం అందుకు చొరవ చూపలేదు. 1985లో కొత్త శాసనసభ మరల తీర్మానం చేసిన తరువాత పార్లమెంటు చట్టం చేయగా, 1985 జూన్ 1న మండలి రద్దయినది.

న్యాయస్థానాల పరిధి మరొక హద్దు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లను 25 నుండి 44 శాతానికి పెంచుతూ 1986లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసినది. రాష్ట్ర సరిహద్దుల విషయం మూడవది. 2014 జనవరిలో శాసనసభ రాష్ట్ర పునర్విభజన బిల్లును తిరస్కరించినా, మూడవ అధికరణం క్రింద సభ అభిప్రాయం పార్లమెంటును కట్టడి చేయదు కనుక 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది.

1984 ఆగస్టు సంక్షోభం

ఓటర్లు ఇచ్చిన ఆధిక్యతను సభ వెలుపల మార్చవచ్చునా అన్న ప్రశ్న 1984లో ఎదురైనది. అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని రామారావు తిరిగి వచ్చిన వెంటనే, ఆయన మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా ఉండిన నాదెండ్ల భాస్కరరావు తనకే ఎక్కువ మంది సభ్యుల మద్దతు ఉన్నదని ప్రకటించాడు. గవర్నరు రామ్ లాల్, సభలో బలపరీక్షకు అవకాశమివ్వకుండానే, ఆగస్టు 16న రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించాడు. బలనిరూపణకు ఆయనకు నెల రోజుల గడువు ఇచ్చాడు.

రామారావు తన వెంట ఉన్న శాసనసభ్యులను రాజ్‌భవన్‌కు, ఆ పిమ్మట ఢిల్లీలో రాష్ట్రపతి జైల్ సింగ్ వద్దకు తీసుకొనిపోయి తన ఆధిక్యతను చూపాడు. సభ్యులు చేజారకుండా వారిని కర్ణాటకలో ఉంచారు. రాష్ట్రమంతటా ఆందోళనలు చెలరేగాయి. దేశంలోని ప్రతిపక్షాలు రామారావుకు అండగా నిలిచాయి. ఆగస్టు చివరలో రామ్ లాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చాడు. సెప్టెంబరులో సమావేశమైన సభలో భాస్కరరావు బలం నిరూపించుకోలేకపోయాడు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. నెల రోజుల ఈ పోరాటం ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమంగా పేరుపొందినది.

1985 మధ్యంతర ఎన్నికలు

తిరిగి అధికారంలోకి వచ్చిన పిదప రామారావు సభను రద్దు చేయించి మరల ప్రజాతీర్పు కోరాడు. ఈలోగా ఇందిరా గాంధీ హత్య అనంతరం 1984 డిసెంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు దేశమంతటా 400కు పైగా స్థానాలు గెలిచినా, ఆంధ్ర ప్రదేశ్‌లోని 42 స్థానాలలో తెలుగుదేశం 30 గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచినది. 1985 మార్చిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో తెలుగుదేశానికి 202, కాంగ్రెసుకు 50 స్థానాలు లభించాయి. 1983లో ఇచ్చిన తీర్పునే ఓటర్లు మరల ఇచ్చినట్లయినది.

అనంతర పరిణామాలు

1985లోనే పార్లమెంటు 52వ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక నిబంధనలను రాజ్యాంగంలో పదవ షెడ్యూలుగా చేర్చినది. అందులో మూడవ వంతు సభ్యుల చీలికకు ఇచ్చిన మినహాయింపును 2003లో 91వ సవరణ తొలగించినది. మంత్రివర్గానికి ఆధిక్యత ఉన్నదీ లేనిదీ సభలోనే తేలవలెనని 1994లో బొమ్మై కేసు తీర్పులో సుప్రీం కోర్టు స్పష్టం చేసినది.

శాసనమండలి భవితవ్యం మాత్రం శాసనసభలో ఆధిక్యతను అనుసరించి మారుతూనే వచ్చినది. 1989లో కాంగ్రెసు అధికారంలోకి రాగా, 1990లో సభ పునరుద్ధరణ తీర్మానం చేసినది. బిల్లు లోక్‌సభ ఆమోదం పొందకముందే ఆ లోక్‌సభ రద్దయినది. 2004లో కాంగ్రెసు మరల గెలిచిన పిదప చేసిన తీర్మానం ఫలించి, 2007లో మండలి తిరిగి ఏర్పడినది. విభజన అనంతర ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ 2020 జనవరిలో మరల రద్దుకు తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకొన్నది.

విభజన అనంతరం ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో 175, తెలంగాణ శాసనసభలో 119 ఎన్నికైన స్థానాలు ఏర్పడినవి. 1983లో 148గా ఉన్న ఆధిక్యతా సంఖ్య ఈ సభలలో వరుసగా 88, 60 అయినది.