ఆలస్యంగా అందిన పట్టాలు

మా అమ్మాయి కాలేజీ నుంచి ‘ఉత్తమ విద్యార్థి నాయకురాలు’ కప్పు పట్టుకొచ్చింది. హాస్టల్లో నీళ్ళ కోసం అందరినీ కూడగట్టి అధికారుల్ని నిలదీసినందుకట! “చదువు చూసుకోక నీకెందుకే ఇవన్నీ?” అని అప్పట్లో చీవాట్లు పెట్టింది నేనే.

కప్పు చూస్తుంటే ఇద్దరు బెంగాలీ అమ్మాయిలు గుర్తొచ్చారు. 1932 స్నాతకోత్సవంలో గవర్నర్ జాక్సన్ మీద కాల్పులు జరిపిన బీనా దాస్‌కి 9 ఏళ్ళ జైలు. అదే ఏడు చిట్టగాంగులో యూరోపియన్ క్లబ్బు మీద దాడికి నాయకత్వం వహించిన ప్రీతిలతా వడ్డేదార్, పట్టుబడకుండా విషం మింగింది. అప్పటికామెకు 21 ఏళ్ళు! ఆపేసిన వాళ్ళ పట్టాలను కలకత్తా విశ్వవిద్యాలయం 2012లో ఇచ్చింది. అందుకోడానికి ఇద్దరూ లేరు.

తుపాకులు మనకొద్దు గానీ, మెచ్చుకోలు మాత్రం 80 ఏళ్ళు ఆగకూడదు కదండీ! అమ్మాయిని పిలిచి, ఆనాటి చీవాట్లు వెనక్కి తీసుకున్నాను.