లెక్కలు చేరేది ఎవరికి?

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక లేఖ రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవన్నది దాని సారాంశం. ఆ లెక్కలేమీ రహస్య పత్రాలు కావు. ఏటా అచ్చయ్యాయి, ఆడిటర్ల సంతకాలతో ప్రభుత్వానికి చేరాయి. 2006లోనే ఎంసీఏ-21 పోర్టల్ వచ్చినా, కంప్యూటర్‌లోకి ఎక్కింది కాగితం బొమ్మ మాత్రమే. అంకెలను యంత్రం చదవలేదు.

అందుకు మార్గం 1998లో అమెరికాలోని ఛార్లెస్ హాఫ్‌మన్ అనే అకౌంటెంటుకు తోచింది. ప్రతి అంకెకూ అది నగదా, అప్పా, ఏ సంవత్సరానిది అని తెలిపే గుర్తు తగిలించాలన్న ఆ ఆలోచనే ఎక్స్‌బీఆర్‌ఎల్‌గా రూపొందింది. అమెరికా నియంత్రణ సంస్థ 2009లో, భారత కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2011లో దాన్ని తప్పనిసరి చేశాయి. ఇక్కడ లిస్టెడ్ కంపెనీలతోపాటు 5 కోట్ల చెల్లించిన మూలధనమో, 100 కోట్ల టర్నోవరో ఉన్న సంస్థలు దాని పరిధిలోకి వచ్చాయి.

గుర్తు తగిలిస్తే అబద్ధం నిజమవుతుందా? కాదు. సత్యం తన కల్పిత నిల్వలను ఆ రూపంలోనూ దాఖలు చేయగలిగేదే. కానీ వేల కంపెనీల లెక్కలను పక్కపక్కన పెట్టగలిగినప్పుడు, లాభం పెరుగుతున్నా నగదు రాని సంస్థ, తోటివారికన్నా వింతైన నిల్వలు చూపే సంస్థ వెంటనే కంటపడతాయి. అనుమానించడానికి ఆధారం దొరుకుతుంది.

ఆ అవకాశాన్ని మన పాలకులు సగమే వాడుకున్నారు. తొలి విడతలో బ్యాంకులు, బీమా, విద్యుత్ సంస్థలతోపాటు బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకూ మినహాయింపు ఇచ్చారు. 2018లో 90 వేల కోట్లకు పైగా అప్పులతో, 300కు పైగా సంస్థల అల్లికతో కుప్పకూలిన ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ ఆ చివరి కోవలోదే.

రెండో లోపం అందుబాటు. అమెరికాలో కంపెనీల దాఖలాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బ్రిటన్ 2015లో రుసుము ఎత్తివేసింది. మన 2014 నిబంధనలు మాత్రం ఒక్కో కంపెనీ పత్రాల పరిశీలనకు 100 రూపాయలు విధించాయి. ఒక్క కంపెనీకైతే అది చిన్న మొత్తమే. వెయ్యి కంపెనీలను పోల్చదలచిన పరిశోధకుడికి, విలేకరికి అది లక్ష రూపాయలు. పోల్చడానికే పుట్టిన విధానంలో పోలికకే సుంకం విధించడం ఎవరి మేలు కోసం?