జిమ్మీ నడకలో మన భీమవరం

జూబిలీ సంచికకి ఏదన్నా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఇంజనీరువి కదరా, బ్రిడ్జీల గురించైనా సరే" అన్నాడు. బ్రిడ్జీల గురించి నేను రాస్తే మా ఆవిడే చదవదు. అందుకని 2016లో నేను నడిచిన ఒక నడక గురించి, ఆ నడక వెనకున్న చరిత్ర గురించి రాస్తున్నాను. మన జిల్లాకీ మన బడికీ కూడా ఇందులో భాగముంది. ఆ సంగతి నాకు యాభై దగ్గర పడ్డాక గానీ తెలియలేదు.

నేనుండేది బోస్టన్ నగరానికి పడమటి శివార్లలో. అక్కడ ఏటా శరదృతువులో ఒక ఆదివారం జిమ్మీ ఫండ్ నడక జరుగుతుంది. 1989లో మొదలైంది. పేరున్న బోస్టన్ మారథాన్ ఏ దారిలో జరుగుతుందో ఆ దారిలోనే, హాప్కింటన్ అనే చిన్న ఊరి నుంచి బోస్టన్ దాకా 26.2 మైళ్ళు నడవాలి. అంత నడవలేనివాళ్ళు మధ్యలో వెల్స్లీ దగ్గర మొదలుపెట్టి సగం నడుస్తారు. నడిచేవాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర చందాలు పోగుచేస్తారు. ఆ డబ్బు డానా ఫార్బర్ క్యాన్సర్ సంస్థకి వెళ్తుంది.

మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాల వాళ్ళం పదకొండు మందిమి ఒక జట్టు కట్టాం. సంక్రాంతికి, ఉగాదికి కలిసి పులిహోర తినే జట్టే అది. చందాలు అడగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. గుడి కోసమంటే వెంటనే ఇచ్చేవాళ్ళు కూడా క్యాన్సర్ పేరు చెప్పగానే ఆ మాట తమ ఇంట్లోకి రాకూడదన్నట్టు చూపు తిప్పుకునేవాళ్ళు. మొత్తానికి ఆరు వేల డాలర్ల పైచిలుకు పోగయ్యాయి. మేం నడిచింది సగమే, 13 మైళ్ళు. అంటే 21 కిలోమీటర్లు. మన బడి ఎగ్గొట్టి భీమవరంలో సినిమాకి సైకిలు మీద పోయేవాళ్ళం చూడండి, దానికంటే ఎక్కువే.

న్యూటన్ అనే ఊళ్ళోకి రాగానే గుట్టలు మొదలవుతాయి. చివరి గుట్ట పేరే గుండె పగిలే గుట్ట. పరుగెత్తేవాళ్ళు ఇరవై మైళ్ళు దాటి అక్కడికొస్తారు కాబట్టి ఆ పేరు. నేను ఏడెనిమిది మైళ్ళకే కాళ్ళకి బొబ్బలెక్కి దాని మొదట్లో నిలబడిపోయాను. దారిలో ప్రతి మైలు దగ్గరా చికిత్స పొందుతున్న ఒకరి ఫొటో పెద్దదిగా పెడతారు. అక్కడున్న ఫొటోలో పదేళ్ళ పిల్లాడు, తల మీద జుట్టు లేదు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. దాన్ని చూస్తూ నిలుచున్నాను. మా జట్టులో ఫార్మసీ చదివిన తణుకు అమ్మాయి ఉంది. నా వెనకే వచ్చి, "అంకుల్, మీది భీమవరం దగ్గరే కదా? సుబ్బారావు గారి ఊరు" అంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు నాకు తెలుసు. మన బడిలో మనకి తెలియకుండానే ఆయన మందు మింగించారు కూడా. బోదకాలు సర్వేకని ఆరోగ్యశాఖ వాళ్ళు రాత్రిపూట లాంతరు పట్టుకుని వచ్చి వేలి కొన నుంచి రక్తం తీసుకెళ్ళడం, తర్వాత హెట్రజాన్ మాత్రలివ్వడం మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ హెట్రజాన్ ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిందే. నాకు తెలిసింది అంతవరకే. "ఈ నడకకి ఆయనకీ సంబంధం ఏంటమ్మా?" అన్నాను. ఆ గుట్ట ఎక్కినంతసేపూ ఆ అమ్మాయి చెప్పింది. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని చదివాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు (మన బ్యాచ్‌లో కొందరికి ఇది ఊరటనిస్తుంది). ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే రోగంతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక రక్తం తగ్గిపోయే జబ్బు అది. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు వేసుకున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకి కోపమొచ్చి, పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో పనిచేస్తూ పొట్టకోసం ఆసుపత్రిలో రాత్రి కూలి చేశారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. మళ్ళీ ఇండియా రాలేదు.

లెడర్లీలో ఆయన కింద పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. ఒంట్లో కణాలు పెరగాలంటే, రక్తం పట్టాలంటే ఇది ఉండాలి. తమ్ముణ్ణీ అన్ననీ తినేసిన జబ్బుకి ఆయన ఇరవై ఏళ్ళుగా వెతికింది ఇలాంటిదాని కోసమే. ఇక బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవారు. ఆయన పని చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించడం. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలిచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. అప్పుడాయనకి ఎదురు ఆలోచన వచ్చింది. దీన్నిస్తే జబ్బు పెరుగుతుంటే, దీన్ని అడ్డుకుంటే తగ్గాలి కదా?

అడ్డుకునే పదార్థాన్ని సుబ్బారావు గారి ప్రయోగశాల తయారుచేసి పంపింది. ఇంజనీరు భాషలో చెప్పాలంటే అది మారు తాళంచెవి. తాళంలో దూరుతుంది, తిరగదు. అసలు చెవి ఇంక లోపలికి పోదు. దాని పేరు అమినోప్టెరిన్. 1947 చివర్లో పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్ 3న ఫార్బర్ బృందం ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించిందని ఉంది. అది తాత్కాలికమేనని ఆ వ్యాసం పేరులోనే చెప్పారు. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా అంతకుముందు వారాల్లో చనిపోయే పిల్లలు లేచి ఆడుకోవడం ఎవరూ చూడలేదు.

ఆ పనికి డబ్బు కావాలి. 1948 మే 22న ఒక రేడియో కార్యక్రమం వాళ్ళు ఫార్బర్ దగ్గర వైద్యం పొందుతున్న పన్నెండేళ్ళ కుర్రాడి మంచం దగ్గరికి వెళ్ళారు. అతనిది రక్త క్యాన్సర్ కాదు, పేగుల్లో వచ్చే మరో రకం. అసలు పేరు చెప్పకుండా జిమ్మీ అన్నారు. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్ళు ఒక్కొక్కళ్ళే గదిలోకి వచ్చి పలకరిస్తుంటే అతను సంబరపడడం దేశమంతా విన్నది. 20 వేల డాలర్లు వస్తే జిమ్మీకి ఆట చూడడానికి టెలివిజన్ కొనిస్తామన్నారు. 2 లక్షల 31 వేల డాలర్ల పైన వచ్చాయి! అదే జిమ్మీ ఫండ్. ఆ పిల్లాడు పోయాడనే చాలామంది అనుకున్నారు. యాభై ఏళ్ళ తర్వాత, 1998లో, లారీ నడుపుకుంటూ బతుకుతున్న ఐనార్ గుస్టాఫ్సన్ అనే మనిషి "నేనే జిమ్మీని" అంటూ బయటికొచ్చాడు.

మే నెలలో ఆ రేడియో, జూన్‌లో ఆ వ్యాసం. ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు, 53 ఏళ్ళకి. మూడు నెలలు కూడా నిండలేదు. అమినోప్టెరిన్ కుటుంబంలోదే, లెడర్లీ నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇస్తున్నారు. ఇప్పుడు వసతులున్న దేశాల్లో ఆ జబ్బు ఎక్కువగా వచ్చే రకంలో పదిమంది పిల్లల్లో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఇప్పుడు ఆ ఫొటో ముందు నేనెందుకు నిలబడిపోయానో చెప్తాను. 1982లో తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాణ్ణి నా బ్యాచ్‌వాళ్ళు మర్చిపోయి ఉండరు. పేరు రాయడం లేదు. లెక్కల్లో నాకంటే చురుకు. దసరా సెలవుల తర్వాత పాలిపోయి వచ్చాడు, చిగుళ్ళ నుంచి రక్తం కారేది. మద్రాసు తీసుకెళ్ళారు. సంక్రాంతికి వచ్చాడు, జుట్టు లేకుండా, టోపీ పెట్టుకుని. మనలో కొందరం నవ్వాం. నేనూ నవ్వాను. పదో తరగతి మొదలయ్యేనాటికి వాడు లేడు. సంతాపం తెలిపి బడికి సెలవిచ్చారు, మనం క్రికెట్ ఆడుకున్నాం.

నడక అయిన రాత్రి వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనా మన బడివాడే, ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. "అన్నయ్యా, వాడికి అప్పుడు ఏం మందులిచ్చారో గుర్తుందా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నాన్నగారి ట్రంకుపెట్టెలో ముప్పై నాలుగేళ్ళు ఉన్న మందుల చీటీ, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మూడో వరసలో మెథోట్రెక్సేట్.

"పసుపుపచ్చ మాత్రలురా. వాటి కోసం నాన్న ఎకరం అమ్మాడు" అన్నాడాయన. నేను భీమవరం సంగతి చెప్పాను. "నిజమా?" అని రెండుసార్లు అడిగాడు. "ఏ వీధిట?" అన్నాడు. నాకు తెలియదన్నాను.

ఆ నెలాఖరుకి మా తమ్ముడి చేతికి ఐదు వేల రూపాయలిచ్చి, వచ్చే ఏడు నడకలో వాడి పేరు మీద వెయ్యమని చెప్పి పంపాడు. వేశాను.