ఏసీ గార్డ్స్ నుంచి ఎల్లాపూర్ దాకా: ఒకే ఆఫ్రికా, రెండు బతుకులు

పోస్టు కొంచెం పెద్దగుంది, తీరికగ చదవండి.

నారాయణఖేడ్ వైపు తండా నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తల "ఏసీ గార్డ్స్" అనే పేరు వింటే ఏసీ మిషన్ల కంపెనీ ఏదో అనుకున్న. మా ఇంట్ల కాలేజీ గేటు దాటిన మొదటోన్ని నేనే, ఎవరినన్న అడగాలంటే సిగ్గు. మొన్నొక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే దక్కన్ చరిత్ర పుస్తకం 60 రూపాయలకు దొరికింది. 'ఏసీ' అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా గుర్రపు దళం అని అండ్ల చదివిన. పుస్తకం సంచిల వేసుకొని నాంపల్లి స్టేషన్ ముందు నుంచి, రెడ్‌హిల్స్ మీదుగ నడుచుకుంట ఆ బస్తీకే పోయిన.

హబ్ష్ అంటే అబిసీనియా, ఇప్పటి ఇథియోపియా. అక్కడినుంచి వచ్చినోళ్లను హబ్షీలు అన్నరు, సిద్దీలు అని కూడా అంటరు. దక్కన్ సుల్తానులు వాళ్లను బానిసలుగా కొని సైన్యంల పెట్టుకున్నరు. మాలిక్ అంబర్ అట్లనే చేతులు మారుతూ అమ్ముడుపోయి వచ్చిండు, అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపిండు, మొఘలులకు నిద్ర లేకుండ చేసిండు. 1626ల చనిపోయిండు. మన స్కూల్ పుస్తకాల్ల ఆయన గురించి ఎంత చదివినమో మీకే తెలుసు.

నిజాం దగ్గరి దళం కథ వనపర్తి సంస్థానం దగ్గర మొదలైతదని చెప్తరు. అక్కడి రాజా దగ్గరున్న ఆఫ్రికన్ అంగరక్షకులు తర్వాత నిజాం సైన్యంలకు వచ్చిన్రట. యూనిఫాం, జీతం, గుర్రం, ఉండనీకె ఇల్లు. ఊరేగింపుల్ల నిజాం పక్కన వాళ్లే. 1948 పోలీస్ చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. జీతం పోయింది, గుర్రాలు పోయినయి. పేరు మాత్రం బస్తీకి మిగిలింది.

అదే ఆఫ్రికా నుంచి ఇంకో దారిల వచ్చినోళ్లు కర్ణాటకల ఉన్నరు. పోర్చుగీసులు గోవాకు తెచ్చిన బానిసల్ల చాలామంది తప్పించుకొని పడమటి కనుమల అడవుల్లకు పారిపోయిన్రు. ఉత్తర కన్నడ జిల్లా ఎల్లాపూర్, హలియాళ్, అంకోలా చుట్టూ వాళ్ల ఊర్లున్నయి. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, మూడు మతాలోళ్లూ ఉంటరు. కొంకణి కలిసిన మాట మాట్లాడతరు. పాత బట్టల ముక్కలు కుట్టి కవండి అనే బొంతలు చేస్తరు. పోకతోటల్ల తరాలుగ కూలి పని చేసిన్రు.

1940ల ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఎవరు బాగున్నరని అడిగే పని లేదు. ఒకరు రాజు పక్కన గుర్రం మీద, ఇంకొకరు అడవిల దాక్కొని.

ఇప్పుడు చెప్పుడు అంత సులువు కాదు. ఏసీ గార్డ్స్‌ల పిల్లకు జ్వరమొస్తే నీలోఫర్ హాస్పిటల్ నడిచేంత దూరం. ఎల్లాపూర్ అడవిల ఉన్నోళ్లకు ముందు రోడ్డు దాకా రావాలె. మరి భూమి? సిటీల వాళ్లకు బస్తీ ఇల్లు తప్ప గుంట కూడ లేదు. ఎల్లాపూర్ వాళ్లు 2003ల ఎస్టీ జాబితాల చేరిన్రు. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఎస్టీ అయితే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగుల ఉన్నట్టు చూపాలె. ఎస్టీ కాకపోతే మూడు తరాలు, అంటే 75 ఏండ్ల సంది అక్కడ ఉన్నట్టు రుజువు కావాలె. అడవిల పుట్టినోని దగ్గర 75 ఏండ్ల కాయిదం యాడుంటది? ఆ ఒక్క సర్టిఫికెట్‌తోటి ఎంత తేడా వస్తదో చూడండి. 2020ల శాంతారాం సిద్ది కర్ణాటక విధాన పరిషత్తుకు నామినేట్ అయిండు, సిద్దీల నుంచి మొదటి సభ్యుడు ఆయనే. గుజరాత్ సౌరాష్ట్రల సిద్దీలైతే ఎస్టీలే కాదు, ఆదిమ తెగల జాబితాల కూడ ఉన్నరు.

హైదరాబాద్ సిద్దీలు బీసీ-ఈ. 2007 జాబితాల "సిద్ది, యాబ, హబ్షీ, జాసి" అని ఉంటది. మొత్తం 14 వర్గాలకు కలిపి 4 శాతం.

ఎందుకిట్ల? రాజ్యాంగం 342 ప్రకారం తెగల జాబితా రాష్ట్రం వారీగ ఉంటది. 1965 లోకూర్ కమిటీ ఐదు గుర్తులు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగ విడిగ ఉండుడు, బయటోళ్లతో కలవనీకె బెరుకు, వెనకబాటు. సిటీ నడుమ ఉన్నోడు "దూరంగ ఉన్న" అని ఎట్ల చెప్తడు? నాకైతే ఈ గుర్తులు మనల్ని బయటినుంచి చూసినోళ్లు రాసినట్టే అనిపిస్తయి. రాజు బ్యారక్‌ల పెట్టిన మనిషి కూడ సొంత ఊరికి, సొంత మాటకు దూరమైనోడే కద. ఆ దూరాన్ని ఎవరూ కొలవలే.

బస్తీల చాయ్ దగ్గర ఒక ముసలాయన కలిసిండు. మర్ఫా వాయించేటోడట, ఇప్పుడు కొడుకు పెండ్లిళ్లకు పోతడట, మిగతా రోజులు ఆటో. "చాచా, కర్ణాటకల మీవాళ్లకు ఎస్టీ ఉంది, తెలుసా?" అన్న. ఆయన నా దిక్కు చూసి, "మరి నువ్వేంది బేటా?" అన్నడు. లంబాడీ అని చెప్పిన. 1976 చట్టంతోటి తెలంగాణల మేం ఎస్టీ అయినం, మా యాడి పుట్టిల్లు బీదర్ దిక్కు, అక్కడ మా మామ పిల్లలు ఎస్సీ, నాందేడ్ దిక్కున్న చుట్టాలు విముక్త జాతి అని మూడు వేళ్లు మడిచి చూపించిన. (ఈ ముచ్చటెత్తితే కామెంట్లు ఎటు పోతయో నాకు తెలుసు, కోయ, గోండు అన్నలు కోపం చేయకండి, ఆ చర్చ వేరే పెట్టుకుందం.)

ఆయన నవ్వి, "మీ అమ్మ, మామ ఒక్క కడుపున పుట్టిన్రు కద?" అని అడిగిండు. అవునన్న. చాయ్ పైసలు నన్ను ఇయ్యనీయలే.

తెల్లారి స్కాలర్‌షిప్ పని మీద మాసబ్‌ట్యాంక్ పోయిన. ఫైల్‌ల నా సర్టిఫికెట్ ఉంది. ఏసీ గార్డ్స్ అక్కడికి ఎంత దగ్గరో ఆ రోజే చూసిన. ఎల్లాపూర్, హలియాళ్ దిక్కు సిద్ది స్టూడెంట్స్ ఎవరన్న మీకు తెలిస్తే చెప్పండి, వాళ్లతోటి మాట్లాడాలని ఉంది.