కొండల్లో మంట లేస్తే పైకి పరుగెత్తొద్దు

బందరు, గుడివాడ, దివిసీమ వాళ్ళకు గాలీ నీరూ తెలిసినంతగా కొండా అడవీ తెలియవు. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన తర్వాత ఇక్కడ పిల్లలకు కూడా ఒంటబట్టిన పాఠం ఒకటుంది: ప్రమాదం వస్తే ఎత్తుకు ఎక్కాలి. మిద్దె, తుఫాను షెల్టరు, చెట్టు, ఏది అందితే అది. కొండ మీద మంట లేచినప్పుడు మాత్రం ఈ అలవాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ ఏళ్ళలో రంజాన్ నెల ఫిబ్రవరి, మార్చిలోకి వచ్చింది. ఈద్ అయ్యాక కుర్రాళ్ళు బైకుల మీద, కుటుంబాలు కార్లలో కొండపల్లికో, నల్లమలకో బయల్దేరతారు. మన రాష్ట్రంలో అడవులు అంటుకునే కాలం కూడా సరిగ్గా అదే, ఫిబ్రవరి నుంచి మే దాకా. ఆకు రాలి ఉంటుంది, గడ్డీ వెదురూ ఎండి ఉంటాయి. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్ళిన బృందాలను మంట చుట్టుముట్టింది. చెన్నై నుంచి, ఈరోడ్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు. 20 మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డి వాలు, గాలి, సన్నటి కాలిబాట. ఇంతకంటే ప్రమాదమైన చోటు ఉండదు.

మంట వాలు మీద పైకి ఎక్కేటప్పుడు దాని సెగ ముందే పైనున్న గడ్డికి తగిలి దాన్ని ఎండబెడుతుంది. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేసరికి మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియా అగ్నిమాపక నిపుణుల లెక్క. అంటే 20 డిగ్రీల వాలు మీద, చదును నేలతో పోలిస్తే నాలుగు రెట్లు. మనిషికి మాత్రం ఎక్కేకొద్దీ కాళ్ళు పట్టేస్తాయి. రెండు కొండల నడుమ నిటారుగా ఉండే ఇరుకు లోయలు ఇంకా చెడ్డవి, మంటా పొగా పొయ్యి గొట్టంలోకి దూరినట్టు వాటిలోంచి పైకి తన్నుకొస్తాయి.

మరి ఎటు వెళ్ళాలి? పొగ కనబడగానే, మంట ఇంకా దూరంగా ఉండగానే, దానికి ఎడంగా పక్కకు జరిగి కిందికి దిగాలి. గడ్డి లేని బండరాయి, వెడల్పాటి ఏరు, రోడ్డు, ఇవి ఆశ్రయాలు. అన్నిటికంటే నమ్మకమైనది అప్పటికే కాలిపోయిన నేల. 1949 ఆగస్టు 5న అమెరికాలోని మాన్ గల్చ్ అనే లోయలో మంట తరుముతుంటే, అగ్నిమాపక దళ నాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, కాలిన బూడిదలో బోర్లా పడుకుని బతికాడు. పైకి పరుగెత్తినవాళ్ళలో ఇద్దరే గట్టు దాటి బయటపడ్డారు, 13 మంది చనిపోయారు. మనం నిప్పు పెట్టే సాహసం చేయనక్కర్లేదు. నల్లబడిన నేలే దిక్కని గుర్తుంటే చాలు.

ఇక ఏ దారీ లేకపోతే బండ చాటునో గుంటలోనో బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, నూలు దుప్పటో ఉన్ని శాలువానో కప్పుకోవాలి. పొగ పైకి పోతుంది, ఊపిరి నేల దగ్గరే దొరుకుతుంది. ఇక్కడ ఆడవాళ్ళకు ఒక మాట: అంగళ్ళలో దొరికే బురఖాల్లో ఎక్కువ పాలిస్టరే, సెగకు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అడవికి నూలుది వేసుకోండి. మగవాళ్ళ ట్రాక్ ప్యాంట్లూ అంతే.

బయల్దేరే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి చెప్పాలి. లోపల ఫోను పనిచేయదు, పనిచేసే చోట 112. ఉపగ్రహాలు గుర్తించిన మంటల సమాచారాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఎస్సెమ్మెస్‌లో పంపుతుంది, పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికి కూడా వస్తుంది. నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి. తాగడానికే సరిపోని పరిస్థితి వస్తే వజూకు బదులు తయమ్ముం ఉండనే ఉంది.

అడవిలో బిర్యానీ వండుకోవాలన్న సరదా ఈ నెలల్లో మానుకోవడమే మేలు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం కూడా. మట్టి కప్పేసిన బొగ్గులు గంటల తరబడి లోపల రగులుతూనే ఉంటాయి, గాలి లేస్తే అంటుకుంటాయి.

కాలిన గాయం మీద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పోయాలి. అతుక్కున్న బట్టను లాగొద్దు. టూత్‌పేస్టు, ఇంకు, నెయ్యి ఏవీ రాయొద్దు. శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయాలి.