అప్పుకు రాసిచ్చినా సామీ

"దస్తావేజు మీద వేలిముద్ర నీదేనా?"

"నాదే సామీ."

"రిజిస్ట్రారాఫీసుకు నువ్వే వచ్చినావు. అక్కడా ఒప్పుకున్నావు. అవునా, కాదా?"

"వచ్చినా. ఒప్పుకున్నా."

"అంటే పొలం రాసిచ్చినట్టే గదా?"

"అప్పుకు రాసిచ్చినా సామీ."

బోనులో నిలబడ్డ ముసలామె గొంతు ఫ్యాను చప్పుడులో సగమే వినిపించింది. ఆమె తెలుగులో చెప్పే ప్రతి జవాబునూ జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతున్నారు, స్టెనో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. లాయర్ల బల్ల చివర కూర్చున్న జూనియర్ అదే జవాబును తన ఇంగ్లీషులో నోటు పుస్తకంలో రాసుకుంది. జడ్జిగారి వాక్యం విన్నాక తాను రాసింది మరోసారి చూసుకుంది. ఒక్క మాట తేడా. పొలం రాసిచ్చిన మాట నిజమే అన్నంత వరకే రికార్డుకెక్కింది. "అప్పుకు" అన్నది ఎక్కడా లేదు.

ఆమె సీనియర్ కోటు చెయ్యి పట్టి లాగింది.

కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊరి కోర్టు అది. ఆ జూనియర్ వయసు అప్పటికి 27 ఏళ్ళు. పేరు రాయవద్దని కోరింది కాబట్టి రాయడం లేదు. నోటు పుస్తకంలో ఆమె ఇంగ్లీషులో రాసుకుంటున్నది కేసు కోసం కాదు, పరీక్ష కోసం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ మునసబు కోర్టు అనే చోట కూర్చునే ఉద్యోగానికి హైకోర్టే స్వయంగా పెట్టే పరీక్ష. ముందు స్క్రీనింగ్: రెండు గంటల్లో 100 ప్రశ్నలు. అది దాటినవాళ్ళలో పోస్టుకు పదిమంది లెక్కన మెయిన్స్‌కు పిలుస్తారు. అక్కడ సివిల్ చట్టాలు ఒక పేపరు, క్రిమినల్ చట్టాలు ఒక పేపరు. మూడోది ఇంగ్లీషు. అందులో చట్టం మీద వ్యాసం, తెలుగు-ఇంగ్లీషు అనువాదం. ఆ పైన మౌఖిక పరీక్ష.

ఆమె అంతకు ముందొకసారి మెయిన్స్ దాకా వెళ్ళింది. లా అయ్యాక ఒక ఏడాది హైదరాబాద్‌లో నలుగురమ్మాయిలతో ఒక గదిలో ఉండి చదివింది. బేర్ యాక్టులు నలిగి అట్టలు ఊడిపోయాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు. ఏ ఆర్డరులో ఏ రూలని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. సివిల్, క్రిమినల్ పేపర్లు గట్టెక్కాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల మూడో పేపరులో దెబ్బతింది. వ్యాసం ఎలాగో రాసింది. అనువాదం దగ్గర చెయ్యి ఆగిపోయింది. "తెలుగు నాది, ఇంగ్లీషు నేర్చుకున్నా, మధ్యలో ఏమైందో తెలీలేదు" అంది నాతో. పెట్టె సర్దుకుని ఊరికి వచ్చేసింది.

వాళ్ళ నాయన దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాడు. కూతురు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంటే రెండు రోజులు చూసి, మూడో రోజు రాత్రి పాత క్రయ దస్తావేజు ఒకటి ముందు పెట్టాడు.

"ఇది ఇంగ్లీషులో రాయి చూద్దాం."

నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా, దాన వినిమయ విక్రయాలకు యోగ్యంగా, పుత్రపౌత్ర పారంపర్యంగా... ఒక్క వాక్యం పేజీ దాటిపోయింది. ఆ వాక్యంలో ఎవరు ఎవరికి ఏమి ఇస్తున్నారో తేలేసరికి అర్ధరాత్రయింది. మర్నాటి నుంచి అదే వరస. ఆయన చెబుతాడు, ఆమె రాస్తుంది. తూర్పున ఫలానావారి పొలం, పడమట వంక, దక్షిణాన బండ్ల బాట, ఉత్తరాన మిగులు భూమి. కుదువ, తాకట్టు, శుద్ధ క్రయం, భాగపరిష్కారం, హక్కు విడుదల. ఒక్కో మాట వెనక ఆస్తి బదిలీ చట్టంలో ఏ సెక్షనుందో ఆమె నాయనకు చెప్పేది. ఒక్కో సెక్షను వెనక ఊళ్ళో ఏ తగాదా ఉందో నాయన ఆమెకు చెప్పేవాడు. ఏ కోచింగ్‌లోనూ దొరకని చదువిది అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

పగలు మాత్రం ఊళ్ళోని సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరింది. వాయిదాలు అడగడం, నకళ్ళకు అర్జీలు పెట్టడం, కేసు పిలిస్తే "పాస్ ఓవర్ సార్" అని లేచి నిలబడటం. చేతికొచ్చేది ఆటో ఖర్చులకే సరిపోయేది కాదు.

2024 జూన్ 30, ఆదివారం రాత్రి ఆమె నిద్రపోలేదు. తెల్లవారితే భారతీయ న్యాయ సంహిత అమలులోకి వస్తుంది. 1860 నాటి శిక్షాస్మృతి 511 సెక్షన్లు పోయి 358 వస్తున్నాయి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో సాక్ష్య అధినియం. గోడకు అతికించిన చార్టులన్నీ పీకేసి కొత్తవి రాసింది. హత్యకు 302 పోయి 103. మోసానికి ఊరంతా తిట్టుగా వాడే 420 పోయి 318. అన్నిటికంటే 144 దగ్గర ఎక్కువ తికమకపడింది. నలుగురు గుమిగూడకుండా పెట్టే 144 ఇప్పుడు 163 అయింది. భార్యాపిల్లల మనోవర్తి ఇదివరకు 125, ఇప్పుడు 144. అలాగని పాతవి మరిచిపోవడానికీ లేదు. జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే. పరీక్షకు రెండూ కావాలి, కోర్టుకూ రెండూ కావాలి.

మళ్ళీ బోను దగ్గరికి వద్దాం.

కేసు చిన్నదే. రెండెకరాల మెట్ట. కూతురి ప్రసవానికి అప్పు కావలసి వచ్చి ముసలామె 80 వేలు తీసుకుంది. ఇచ్చినవాడు శుద్ధ క్రయమని రాయించుకున్నాడు. డబ్బు కడితే తిరిగి రాసిస్తానన్నది నోటి మాట. ఇప్పుడు పొలం స్వాధీనం చెయ్యమని దావా. ఆస్తి బదిలీ చట్టం 58(సి) మా జూనియర్‌కు కంఠతా వచ్చు. షరతు క్రయాన్ని తాకట్టుగా చూడాలంటే ఆ షరతు అదే దస్తావేజులో ఉండాలని 1929లో చేర్చిన నిబంధనా వచ్చు. పరీక్షలో అయితే నాలుగు మార్కుల జవాబు అది. ఇక్కడ ఆ నిబంధనకు అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉంది. దస్తావేజులో షరతు లేదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఆ క్రయమే నామమాత్రమని, అసలు జరిగింది అప్పేనని సాక్ష్యంతో చూపించడం. దస్తావేజు షరతులకు విరుద్ధంగా నోటి మాట చెల్లదన్నది పాత సాక్ష్య చట్టం 92వ సెక్షను. కానీ దస్తావేజే ఉత్తుత్తిదన్నప్పుడు నోటి సాక్ష్యానికి ఆ సెక్షను అడ్డు కాదని గంగాబాయి వర్సెస్ ఛబూబాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సీనియర్ ఆ తీర్పు మీదే కేసు నిలబెట్టారు. ఆ తీర్పు పనికి రావాలంటే సాక్షి నోట వచ్చిన "అప్పుకు" అన్న మాట రికార్డులో ఉండి తీరాలి.

కోటు లాగగానే సీనియర్ ఆమె పుస్తకంలోకి చూశారు. లేచి నిలబడ్డారు.

"సార్, సాక్షి 'అప్పుకు' అన్నారు. ఆ మాట రాలేదు."

అవతలి లాయరు అభ్యంతరం చెప్పారు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి బోనువైపు తిరిగారు.

"అమ్మా, ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పు. నెమ్మదిగా చెప్పు."

"అమ్మలేదు సామీ. అప్పుకు రాసిచ్చినా."

ఫ్యాను ఆపించారు. వాక్యం మార్చి మళ్ళీ చెప్పారు. సాక్ష్యం పూర్తయ్యాక అంతా తెలుగులో ఆమెకు చదివి వినిపించి, సరిగ్గా ఉందని ఆమె ఒప్పుకున్నాక వేలిముద్ర వేయించారు.

ఆ సాయంత్రం ఫైలు కట్టేముందు మా కథానాయిక దస్తావేజు నకలు చివరి పేజీ తిప్పింది. రాసిన లేఖరి పేరు అక్కడ ఉంటుంది. వాళ్ళ నాయన పేరు కాదు. అయినా ఇంటికెళ్ళి అడిగింది.

"అప్పని తెలిసి కూడా శుద్ధ క్రయమని రాస్తారా నాయనా?"

"రాయించుకునేటోళ్ళు ఏం చెప్తే అది రాస్తామమ్మా. ఇద్దరూ ఒప్పుకున్నాక నాదేముంది?"

"ఆ యమ్మకు చదువు రాదు. ఏం ఒప్పుకుందో ఆ యమ్మకెట్ల తెలుస్తుంది?"

ఆ రాత్రి ఆయన పేరా చెప్పలేదు.

2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జడ్జి ఉద్యోగంలో తొలి మెట్టుకు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ ధర్మాసనం చెప్పింది. 1993లో పెట్టి, 2002లో ఎత్తేసిన నియమమే మళ్ళీ వచ్చింది. బార్ కౌన్సిల్‌లో తాత్కాలిక నమోదు తేదీ నుంచే ప్రాక్టీసు లెక్క, ఎంపికయ్యాక ఏడాది శిక్షణ తప్పనిసరి. హైదరాబాద్ గదిలో ఇంకా చదువుతున్న స్నేహితురాలు ఫోనులో ఏడ్చింది. కాలేజీ నుంచి నేరుగా పరీక్షకు సిద్ధమైన పిల్ల. మూడేళ్ళు ఇంట్లో ఎవరు పోషిస్తారని ఆమె బాధ. ఆ బాధలో న్యాయముంది. జూనియర్లకు బతకగలిగేంత భృతి ఇవ్వకుండా ప్రాక్టీసు అడిగితే, డబ్బున్న ఇళ్ళ పిల్లలే ఆ మూడేళ్ళు తట్టుకుంటారు. ముఖ్యంగా ఆడపిల్లల మీద పెళ్ళి ఒత్తిడి ఈ మూడేళ్ళలోనే పడుతుంది. అయినా బోనులో ఆ ముసలామెను చూసిన మా జూనియర్ మాత్రం, "ఆ రోజు నేను గదిలో కూర్చుని చదువుకుంటూ ఉంటే ఆ మాట పోయేది" అంది.

మెయిన్స్ మళ్ళీ రాసింది. అనువాదం పేరా ముందుకు వచ్చినప్పుడు పెన్ను వెంటనే ఎత్తలేదట. ఎవరు, ఎవరికి, దేనికి అని వరసగా మూడుసార్లు చదువుకుని, తర్వాత మొదలుపెట్టిందట. ఫలితాలు ఇంకా రాలేదు. ముసలామె దావా వాదనలకు వాయిదా పడింది.

నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజు చీకటి పడ్డాక నాయన షెడ్డు మూసి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఈమధ్య దస్తావేజు రాసే ముందు అమ్మేవాళ్ళను పక్కకు పిలిచి అడుగుతున్నాడట, "అమ్ముతున్నావా, అప్పుకా?" అని. రాసింది మొత్తం పైకి చదివి వినిపిస్తున్నాడట. ఆ పొద్దున ఒకాయన ఆ ప్రశ్న వినగానే స్టాంపు కాగితాలు లాక్కుని పక్క షెడ్డుకు వెళ్ళిపోయాడు.

"ఈ పూట ఒక దస్తావేజు పోయిందమ్మా" అన్నాడు కూతురితో. కాసేపాగి, "సరే, పుస్తకం తీ. తూర్పుకు బండ్ల బాట, పడమటకు..." అని మొదలుపెట్టాడు.